ఎన్సెనాడా దారిలో రెండు రోజులు: ఏ వేళకు ఏమి తినాలి, ఎలా అడగాలి

మెక్సికో తీరంలోని ఎన్సెనాడాకు మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టి ఎనిమిది హోటళ్ళ పేర్లు రాసుకుని వెళ్ళాం. సాయంత్రం ఆరున్నరకు ఆ జాబితాలో మొదటి పేరున్న చేపల బండి దగ్గరికి చేరేసరికి, బండి యజమాని గిన్నెలు బోర్లించి నేల కడుగుతున్నాడు. పక్కనున్నదీ మూసేశారు, దాని పక్కదీ మూసేశారు. ఆ రాత్రి ఎన్సెనాడాలో, పసిఫిక్ సముద్రం కిటికీలోంచి కనిపిస్తుండగా, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాం. పులిహోర బాగానే ఉంది, అది వేరే సంగతి.

కాలిఫోర్నియాలోని శాన్ డియేగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు మెక్సికో తీరం పక్క ఊరి లెక్కే. శాన్ ఇసీద్రో సరిహద్దు దాటితే తిహువానా, అక్కడి నుంచి సముద్రం పక్కనే సాగే టోల్ రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు పోతే ఎన్సెనాడా. ఈ దారిలో తిండి గడియారాన్ని బట్టి నడుస్తుంది. పగలు సముద్రానిది, రాత్రి నిప్పులది. అందుకే హోటళ్ళ పేర్లతో కాకుండా వేళలతో ప్రణాళిక వేసుకోండి. ఇక మొదలుపెడదాం.

ముందు రోజు చేయవలసినవి

కాగితాల సంగతి క్లుప్తంగా: పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు దగ్గర ఉంచుకోండి. వీసా ముద్ర గడువు తీరినవాళ్ళు టాకోల (చిన్న రొట్టెలో మాంసమో చేపో పెట్టి మడిచి తినేవి) గురించి ఆలోచించే ముందు వకీలుతో మాట్లాడటం మంచిది. అమెరికాలో తీసుకున్న కారు బీమాను మెక్సికో చట్టం గుర్తించదు కాబట్టి, ఆ రెండు రోజులకు మెక్సికో బీమా విడిగా తీసుకోండి.

తర్వాత డబ్బు. మెక్సికో డబ్బు, అంటే పీసోలు తీసుకెళ్ళండి, అందులోనూ చిన్న నోట్లు. డాలర్లు చాలాచోట్ల తీసుకుంటారు కానీ, మారకం రేటు అమ్మేవాడు చెప్పిందే. బండ్ల దగ్గర కార్డు నడవకపోవచ్చు. 500 పీసోల నోటు ఇచ్చి రెండు టాకోలు తింటే, చిల్లర కోసం బండివాడు పక్క దుకాణానికి పరిగెత్తాలి, వెనక నిలబడ్డవాళ్ళు మీ వంక చూస్తారు. పెద్ద హోటల్లో కార్డు ఇచ్చినప్పుడు యంత్రం డాలర్లలోనా, పీసోలలోనా అని అడిగితే పీసోలనే ఎంచుకోండి. డాలర్లు నొక్కితే వాళ్ళ సొంత మారకం రేటు మీ నెత్తిన పడుతుంది.

కాగితపు రుమాళ్ళు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు కూడా పెట్టుకోండి. మూడోది అవసరం పడకూడదనే కోరుకుందాం.

అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన మాటలు

ఇది దాటవేయకండి. మన ఇళ్ళలో గొడ్డు మాంసం తిననివాళ్ళు, పంది మాంసం తిననివాళ్ళు, అసలు మాంసమే ముట్టనివాళ్ళు ఒకే కారులో బయలుదేరుతారు. అక్కడి వంటవాడికి ఈ తేడాలు ముఖం చూస్తే తెలియవు.

‘కార్నే’ అంటే మాంసం అని నిఘంటువు చెబుతుంది. వాడుకలో మాత్రం అది ఎక్కువగా గొడ్డు మాంసమే. ‘కార్నే అసాదా’ అంటే బొగ్గుల మీద కాల్చిన గొడ్డు మాంసం. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మీరు ‘సిన్ కార్నే’, అంటే మాంసం లేకుండా ఇవ్వమని అడిగితే, కోడి ముక్కలో హామ్ ముక్కలో వేసి ఇచ్చే అవకాశం ఉంది. వాళ్ళ లెక్కలో మీ మాట నెరవేరినట్టే. అందుకే పూర్తిగా చెప్పండి: ‘నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో’. మాంసం, కోడి, చేప ఏదీ తినను అని అర్థం.

‘రెస్’ అంటే గొడ్డు మాంసం. ‘పుయెర్కో’, ‘సెర్దో’ రెండూ పందే. ‘పోయో’ కోడి, ‘పెస్కాదో’ చేప, ‘కమరోన్’ రొయ్య, ‘పూల్పో’ ఆక్టోపస్, ‘అల్మేహా’ గుల్లలు. ‘అదోబాదా’ అని నిలువు కమ్మీ మీద ఎర్రగా తిరుగుతూ కనిపించేది పంది మాంసం. చూడటానికి షవర్మాలా ఉంటుంది, పుట్టుకలోనూ దానికి చుట్టమే. మెక్సికోకు వలస వచ్చిన లెబనాన్ వాళ్ళు తెచ్చిన పద్ధతి అది. ‘చోరీసో’ పంది. ‘మచాకా’ ఎండబెట్టిన గొడ్డు మాంసం. ‘బిర్రియా’ దగ్గర మాత్రం మావాళ్ళే బోల్తా పడ్డారు. అది మేక మాంసపు పులుసు అని ఎక్కడో చదివి మా బావగారు గిన్నెడు తెప్పించుకున్నారు. అసలు వంటకం మేకదే, నిజమే. కానీ తిహువానా ప్రాంతంలో బిర్రియా అంటే ఎక్కువగా గొడ్డు మాంసంతో చేసేదే. ‘దె చీవో’ అంటే మేక, ‘దె రెస్’ అంటే గొడ్డు. ఏదో అడిగి తెలుసుకున్నాకే చెంచా పట్టుకోండి.

శాకాహారులు గుండె మీద రాసుకోవలసిన మాట ‘మాంతేకా’. అంటే పంది కొవ్వు. వెన్నను ‘మాంతేకియ్యా’ అంటారు. ఒక్క అక్షరం జారితే పంది వెన్నగా, వెన్న పందిగా మారిపోతుంది. పైకి అమాయకంగా కనిపించే చిక్కుడు గింజల ముద్దలో ఈ కొవ్వు తరచుగా ఉంటుంది. చపాతీలాంటి గోధుమ టోర్టియాలోనూ ఉండవచ్చు. టమాటా రంగులో మెరిసే అన్నాన్ని కోడి రసంతో వండటం మామూలు. మొక్కజొన్న టోర్టియా మాత్రం నమ్మదగినది. సున్నపు నీటిలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న, నీళ్ళు తప్ప సాధారణంగా అందులో మరేమీ ఉండదు. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండు. మొదటిది, ‘తియేనె మాంతేకా?’ అంటే పంది కొవ్వు ఉందా అని. రెండోది, ‘తియేనె కాల్దో దె పోయో?’ అంటే కోడి రసం ఉందా అని. ఈ రెంటినీ ఫోనులో రాసుకుని చూపించినా సరిపోతుంది. అడిగినందుకు ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు. ఒకావిడ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి, దాని మీద రాసింది చదివి వినిపించింది.

శనివారం పొద్దున: తొందరగా దాటండి, తేలిగ్గా తినండి

ఏడింటిలోపు సరిహద్దు దాటితే దారి ఖాళీగా ఉంటుంది. టోల్ రోడ్డు మీద మూడు చోట్ల డబ్బు కట్టాలి, నగదు చేతికందేలా పెట్టుకోండి. దారిలో సముద్రం చూసుకుంటూ పోవడమే పని.

పలహారానికి ఎన్సెనాడాలో ఏదైనా చిన్న ఫలహారశాలలో ‘చిలాకీలెస్’ అడగండి. వేయించిన టోర్టియా ముక్కలను మిరపకాయల పచ్చడిలాంటి ఎర్రటి లేదా పచ్చటి సాల్సాలో నాననిచ్చి, పైన జున్ను (చీజ్), మీగడ వేసి ఇస్తారు. మిగిలిపోయిన చపాతీలను ముక్కలు చేసి తాలింపు వేసే అమ్మలకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. గుడ్డు కావాలంటే ‘కోన్ వెవో’. సాల్సాలో కోడి రసం ఉందేమో పైన చెప్పిన రెండో ప్రశ్న వాడండి. కడుపు నిండా తినకండి. పదకొండింటికి అసలు పని ఉంది.

శనివారం పగలు: సముద్రం

చేపలు, రొయ్యలు, గుల్లలు ఇక్కడ పగటి తిండి. తెల్లవారి దిగిన సరుకు, మధ్యాహ్నానికి పళ్ళెంలోకి వస్తుంది, చాలా బండ్లు సాయంత్రానికి సర్దేస్తాయి. రేవు పక్కనే చేపల బజారు ఉంది. దాన్ని అందరూ ‘మెర్కాదో నేగ్రో’ అంటారు. ముందు లోపల ఒక చుట్టు చుట్టి రండి. కొనకపోయినా ఫరవాలేదు. ఆ రోజు ఏ చేప ఎక్కువగా వచ్చిందో కళ్ళకు తెలుస్తుంది, బయట తినేటప్పుడు దాన్నే అడగవచ్చు.

ఇక చేప టాకో. ఈ ఊరు తనదని గర్వంగా చెప్పుకునే వంటకం ఇది. మైదా పిండిలో ముంచిన చేప ముక్కను మీ ఎదుటే నూనెలో వేస్తారు. మన మిరపకాయ బజ్జీ బండి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. అదే చప్పుడు, అదే ఆత్రం. ముక్క తేలగానే చిల్లుల గరిటెతో తీసి, మొక్కజొన్న టోర్టియా మీద పెట్టి ప్లాస్టిక్ పళ్ళెంలో మీ చేతికిస్తారు. ఇక్కడితో వాళ్ళ పని అయిపోయింది, మీ పని మొదలైంది. బల్ల మీద గిన్నెలు వరసగా ఉంటాయి. సన్నగా తరిగిన క్యాబేజీ, టమాటా ఉల్లి కొత్తిమీర కలిపిన పీకో దె గాయో, పలుచని తెల్ల మీగడ, ఒకటి రెండు రకాల సాల్సాలు, నిమ్మ చెక్కలు. ముందు క్యాబేజీ వేయండి, దాని మీద పీకో, ఆపైన మీగడ ఒక గీత, సాల్సా నాలుగు చుక్కలు, చివరగా నిమ్మకాయ. నిమ్మరసం ముందే పిండితే పైపూత మెత్తబడి కరకర పోతుంది. తినేటప్పుడు టాకోను నిలువుగా ఎత్తకండి, మీ తలను పక్కకు వంచండి. లేదంటే మీగడ మోచేతి దాకా కారుతుంది. ఇది అనుభవంతో చెబుతున్న మాట, ఆ చొక్కా మరక ఇంకా పోలేదు.

రెండు తిని ఆగండి. మూడోది తినాలని ఉంటుంది, అయినా ఆగండి, ఎందుకంటే ఊరి నడిమధ్యలో టోస్టాడాల బండ్లు మీ కోసం ఉన్నాయి. వాటిలో ‘లా గెర్రెరెన్సే’ పేరు ప్రపంచమంతా తిరిగింది. కరకరలాడే టోర్టియా మీద ఎరీసో, గుల్లలు పేర్చి ఇచ్చే టోస్టాడా దాని ప్రత్యేకత. ఎరీసో అంటే ముళ్ళబంతిలా ఉండే సముద్రపు జీవి, లోపలి భాగం మెత్తగా, ఉప్పటి వెన్నలా ఉంటుంది. అందరికీ నచ్చుతుందని చెప్పను. మా ఇంట్లో నలుగురిలో ఇద్దరు మొదటి ముద్దకే పక్కవాళ్ళ పళ్ళెంలోకి తోసేశారు. బండి మీద వరసగా ఉన్న సాల్సా సీసాలు మాత్రం ఎవరూ వదలలేదు.

పచ్చివి తినాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. సెవీచేలో, ఆగువాచీలేలో చేప, రొయ్యలు నిమ్మరసంలో తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తాయి, కానీ నిప్పు తగలలేదు. నిమ్మరసం అన్ని క్రిములనూ చంపదు. గర్భిణులు, చిన్నపిల్లలు, కాలేయ జబ్బులున్నవాళ్ళు వాటికీ పచ్చి గుల్లలకీ దూరంగా ఉండటమే సరి. మిగతావాళ్ళు రద్దీ ఉన్న బండి దగ్గర, మంచు మీద పెట్టిన సరుకును, పగటి పూట తినండి. బండి ఎంచుకోవడానికి నా కొలత ఇదీ: డబ్బు తీసుకునే చేయి, తిండి పట్టుకునే చేయి వేరువేరుగా ఉన్నాయా, స్థానిక కుటుంబాలు పిల్లలతో సహా నిలబడి తింటున్నాయా. రెండూ ఉంటే నేను నిలబడతాను. తాగడానికి సీసా నీళ్ళే తీసుకోండి. మధ్యలో రంధ్రమున్న గొట్టంలాంటి మంచు ముక్కలు సాధారణంగా కర్మాగారంలో శుద్ధి చేసిన నీటితో తయారైనవి, వాటికి భయపడనక్కరలేదు.

మరి శాకాహారులు? చేపల బజారులో వాళ్ళకు ఆకలే మిగులుతుంది, దాచుకోవడం ఎందుకు. చేప, రొయ్య వేగిన నూనెలోనే మిగతావీ వేగుతాయి. వాళ్ళను ముందే కెసాదియ్యాలు, అంటే లోపల జున్ను పెట్టి మడిచి కాల్చిన టోర్టియాలు, చేసే చోటికి తీసుకెళ్ళండి. అక్కడ అడగడానికి మాటలు ఇవి: ‘ఓంగోస్’ అంటే పుట్టగొడుగులు, ‘రాహాస్’ అంటే చీల్చిన మిరపకాయలు, ‘ఫ్లోర్ దె కాలాబాసా’ అంటే గుమ్మడి జాతి పువ్వులు. ‘నోపాలెస్’ అడిగితే వచ్చేవి మన పొలం గట్ల మీది నాగజెముడు జాతి మొక్క ఆకులే. ముళ్ళు గీకేసి కాలుస్తారు, రుచి కొంత పులుపు, తీరు కొంత బెండకాయ. కాల్చిన మొక్కజొన్న పొత్తు కూడా ఉంది. మాయోనీస్ వద్దనుకుంటే ‘సిన్ మయోనేసా’ అనండి, అప్పుడు నిమ్మకాయ, ఉప్పు, కారం మిగులుతాయి. తోపుడు బండ్ల మీద దోస, మామిడి, పుచ్చకాయ ముక్కల మీద కూడా అవే మూడూ చల్లి ఇస్తారు. జామకాయకు ఉప్పు కారం అద్దుకుని పెరిగిన మనకు దీన్ని ఎవరూ నేర్పక్కరలేదు.

దాహానికి ‘ఆగువా దె హమైకా’ అడగండి. గాజు పీపాలో ఎర్రగా మెరుస్తూ కనిపించే ఆ పానీయం గోంగూర మొక్కదే. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే ఎర్రటి, కండగల రక్షకపత్రాలను ఎండబెట్టి, కాచి, చక్కెర కలిపి చల్లారుస్తారు. ఆకుతో పచ్చడి చేసుకునే మనం ఆ కాయ పొర వంక పెద్దగా చూడం. మొదటి గుక్కకే మా అత్తయ్య, ‘ఇదేమిటి, గోంగూర షర్బత్తా?’ అన్నారు. పక్క పీపాలో ఉండే ‘తమరీందో’ చింతపండుదే. అయితే బీరులో నిమ్మరసం, కారం కలిపిన మిచెలాదా తాగే శాకాహారులు ఒకటి గమనించండి. అందులో క్లమాటో పోస్తే, ఆ టమాటా రసంలో గుల్లల సారం ఉంటుంది.

శనివారం రాత్రి: నిప్పులు

చీకటి పడ్డాక సముద్రపు బండ్లు మూతపడి, బొగ్గుల బండ్లు వెలుగుతాయి. ఇక్కడ పద్ధతి తెలియకపోతే కాసేపు వెర్రిచూపులు చూడాలి. వరస స్పష్టంగా ఉండదు. మాంసం కోసేవాడి కళ్ళలో పడేలా నిలబడి ఎన్ని, ఏవి అన్నది చెప్పాలి. అతను ‘కోన్ తోదో?’ అంటాడు. అన్నీ వేయాలా అని. ‘సీ’ అంటే ఉల్లి, కొత్తిమీర, సాల్సా, గ్వాకమోలే (అవకాడో ముద్ద) అన్నీ పడతాయి. కారం వద్దనుకునే పిల్లలకు ‘సిన్ సాల్సా’ అనండి. చాలా బండ్ల దగ్గర ముందు తిని చివరన డబ్బు ఇస్తారు. ఎన్ని తిన్నారో మీరే చెప్పాలి, వాళ్ళు నమ్ముతారు. లెక్క తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

కారం విషయంలో మన గుంటూరు పౌరుషం కొంచెం తగ్గించుకోవాలి. ‘నో పికా’, కారం లేదు అని వాళ్ళు చెప్పింది కూడా ముందు చుక్క వేసుకుని చూడండి. మన కారం కూరలో ఉడికి, నూనెతో కలిసి వస్తుంది. వాళ్ళది పచ్చిగా, పులుపుతో నేరుగా నాలుక మీదికి దిగుతుంది. నేను గొప్పకు పోయి చెంచాడు వేసుకున్న రోజున బండివాడే జాలిపడి సోడా ఇచ్చాడు.

రాత్రి బండ్లలో గొడ్డు, పంది మాంసాలదే రాజ్యం. కోడి అన్నిచోట్లా దొరకదు, దొరికినా అదే పెనం మీద వేగుతుంది. దానికి ఒప్పుకోలేనివాళ్ళు కూర్చుని తినే హోటల్లో ‘పోయో అసాదో’ తెప్పించుకోవడం నయం. మద్యం తాగే వయసు వచ్చినవాళ్ళు భోజనం తర్వాత 1892 నుంచి నడుస్తున్న హుసాంగ్స్ కాంతీనా అనే మద్యశాలలోకి తొంగి చూడవచ్చు. కారు తాళాలు మాత్రం హోటల్ గదిలో వదిలి నడిచి వెళ్ళండి.

బిల్లు దగ్గర

కూర్చుని తినే చోట, మీరు అడగనిదే బిల్లు రాదు. వాళ్ళు మిమ్మల్ని మరిచిపోలేదు. తినడం కాగానే బిల్లు తెచ్చి పెట్టడం పొమ్మన్నట్టు ఉంటుందని వాళ్ళ భావన. ‘లా క్వెంతా, పోర్ ఫవోర్’ అంటే వెంటనే తెస్తారు. టిప్పు 10 నుంచి 15 శాతం ఇస్తారు. ‘ప్రొపీనా’ అని బిల్లులో ముందే కలిపారేమో చూసుకోండి. లేచి వెళ్ళేటప్పుడు పక్క బల్ల వాళ్ళతో ‘ప్రొవేచో’ అనండి. హాయిగా తినండి అన్నమాట. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నవ్వి తిరిగి పలకరిస్తారు.

ఆదివారం: పెద్ద భోజనం, తర్వాత వరస

ఎన్సెనాడా నుంచి తిరుగుదారిలో, రోసారితోకు ఇవతలే పుయెర్తో నువేవో అనే చిన్న పల్లె తగులుతుంది. 1950ల్లో జాలర్ల ఇళ్ళలో ఆడవాళ్ళు వంటింట్లోనే లాబ్‌స్టర్ వేయించి అమ్మడంతో మొదలైన పేరు అది. ఇప్పుడు వీధి వీధంతా హోటళ్ళే. గుమ్మాల్లో నిలబడి మిమ్మల్ని పిలిచే కుర్రాళ్ళకు తల ఊపకండి. ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, బల్లల మీద కుటుంబాలు ఎక్కడ ఉన్నాయో చూసి, ధర అడిగి కూర్చోండి. ధర చెప్పేటప్పుడు అది ఒకటికా, జతకా, సగం ముక్కకా అన్నది తేల్చుకోండి.

ఇక్కడి లాబ్‌స్టర్‌కు పెద్ద కొండీలుండవు, మాంసమంతా తోకలోనే. నిలువుగా చీల్చి, పాత పద్ధతిలో అయితే పంది కొవ్వులోనే వేయిస్తారు. పంది వద్దనుకునేవాళ్ళు ‘సిన్ మాంతేకా, కోన్ అసెయితే’, అంటే నూనెలో వేయించమని అడగాలి. లేదా ‘ఆ లా పరియ్యా’ అని నిప్పుల మీద కాల్పించుకోవాలి. పక్కన గోధుమ టోర్టియాలు, చిక్కుళ్ళు, అన్నం, కరిగించిన వెన్న వస్తాయి. టోర్టియా చింపి, అందులో మాంసం, చిక్కుళ్ళు, ఒక చుక్క సాల్సా పెట్టుకుని వెన్నలో ముంచి తినడం పద్ధతి. చేత్తో తినడం తెలిసినవాళ్ళకు ఇక్కడ ఎదురులేదు. వేట కాలం సుమారుగా సెప్టెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. మిగతా నెలల్లో వచ్చేది గడ్డకట్టించి దాచినదే అయ్యే అవకాశం ఎక్కువ. వేసవిలో వెళితే నేనయితే ఇక్కడ ఆగను, ఎన్సెనాడాలోనే ఇంకో రెండు చేప టాకోలు తిని బయలుదేరతాను.

తిహువానాలో ఆగే ఓపిక ఉంటే రెవొల్యూసియోన్ వీధిలో సీజర్ సలాడ్ తినవచ్చు. పేరు రోమ్ చక్రవర్తిది కాదు. అమెరికాలో మద్య నిషేధం ఉన్న రోజుల్లో, 1924లో, ఇక్కడ హోటల్ నడిపిన సీజర్ కార్దీనీది. బల్ల దగ్గరే కలిపి ఇస్తారు, చూడముచ్చటగా ఉంటుంది. ఆకుకూరే కదా అని శాకాహారులు చెయ్యి చాపకండి. అందులో పచ్చి గుడ్డు సొన, ఆంచోవీ చేప ఉంటాయి.

ఇక సరిహద్దు. ఆదివారం సాయంత్రం వరస గంటల తరబడి ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికల్లా చేరితే కొంత నయం. మిగిలిన పండ్లు, మాంసం ముందే తినేయండి. కారులో తినుబండారం ఏది ఉన్నా అధికారికి చెప్పండి. చెప్పకపోతేనే జరిమానా. కార్ల మధ్య చురోలు (నూనెలో వేయించి చక్కెర అద్దిన పిండి కడ్డీలు) అమ్మేవాళ్ళు తిరుగుతుంటారు. సంచీ వేడిగా ఉందో లేదో చేత్తో పట్టుకుని చూసి కొనండి. హమైకా మాత్రం బయలుదేరే ముందు ఒక గ్లాసుతో ఆపండి. ఆ వరసలోంచి దిగి వెళ్ళడానికి పిల్లలు అడిగితే మీకు చూపించడానికి చోటు ఉండదు.